మెట్టు లేని ప్రచార ఆఫీసు

అందరికీ నమస్కారం.

ప్రచార బండి అనగానే మనకు ముందు మైకే గుర్తొస్తుంది. 1948లో అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ రైలు చివరి పెట్టె వెనక నిలబడి ఊరూరా ప్రసంగించారు, ఆ ఎన్నిక గెలిచారు. అది మాట్లాడటానికి పనికొచ్చిన బండి. ఇవాళ నేను చెప్పబోయేది జనం మాట వినడానికి కట్టుకునే బండి గురించి, అంటే ఊరూరా తిరిగే ప్రచార ఆఫీసు గురించి. రెండూ ఒకటే అనుకుని గీసిన నమూనాలు చాలా చూశాను, అందుకే ముందుగానే ఈ మాట అంటున్నాను.

నమూనా గీసేటప్పుడు రంగులూ బొమ్మలూ తర్వాత చూసుకోవచ్చు, ముందు నేల ఎత్తు తేల్చుకోండి. వ్యాను నేల 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. మూడు మెట్లు వేసి సరిపెట్టేస్తాం. మరి చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు? ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు. ఈ లెక్కన 7.2 మీటర్ల ర్యాంపు కావాలి. బండి కన్నా ర్యాంపే పొడవైపోతుంది! నేల 20 సెంటీమీటర్లకు దించిన ట్రెయిలర్ అయితే 2.4 మీటర్లు చాలు, మడిచి పక్కన పెట్టేయొచ్చు. అదీ వద్దనుకుంటే, జనాన్ని బండి ఎక్కించడమే మానేయండి. సామాన్లు, బ్యాటరీ లోపల ఉంచి, బల్లా కుర్చీలూ బయట పందిరి కింద వేయండి. నా ఓటు దీనికే. మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఒక పెద్దావిడ తలుపు కమ్మీ పట్టుకుని, మెట్ల వైపు ఒకసారి చూసి, "మళ్లీ వస్తాలే బాబూ" అని వెనక్కి తిరగడం నేను కళ్లారా చూశాను. ఆవిడ మళ్లీ రాలేదు.

బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు దాటొద్దు. ఎత్తు కౌంటర్ పెడితే అవతలి మనిషి నిలబడి అర్జీ ఇచ్చుకున్నట్టు ఉంటుంది. కుర్చీ వేస్తే మనసులో మాట చెబుతాడు.

పందిరి విషయంలో గాలిని తేలిగ్గా తీసుకోకండి. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి అడ్డంగా తగిలితే చదరపు మీటరుకు సుమారు ఆరు కిలోల తోపు ఉంటుంది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న పక్క తెర మీద అది యాభై కిలోలు దాటుతుంది. తారు రోడ్డులో మేకులు దిగవు కాబట్టి ప్రతి కాలికీ ఇసుక బస్తా కట్టాల్సిందే. గాలి పెరిగితే ముందు పక్క తెరలు విప్పేయండి.

కరెంటు పెద్ద సమస్య కాదు. రెండు ల్యాప్‌టాప్‌లు, ఎల్‌ఈడీ దీపాలు, ఒక ఫ్యాను కలిపి 200 వాట్లు అనుకుంటే ఎనిమిది గంటలకు 1.6 యూనిట్లు. రెండు యూనిట్ల లిథియం బ్యాటరీ సరిపోతుంది. జనరేటర్ మాత్రం వద్దు, ఆ మోతలో మెల్లగా మాట్లాడేవాళ్ల గొంతు మనకు వినబడదు.

పేర్లు, ఫోన్ నంబర్లు రాసే పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టకండి. తర్వాత వచ్చినవాళ్లు ముందు వచ్చినవాళ్ల పేర్లు చదివేస్తారు. ఏ పార్టీ పందిరి కింద ఎవరు కూర్చున్నారన్నది వాళ్ల సొంత విషయం. ఒక్కొక్కరి చేత విడి చీటీ మీద రాయించి తాళం పెట్టెలో వేయించండి. చీటీ కింది సగం చించి వాళ్ల చేతికివ్వండి. బండి మళ్లీ వచ్చే తేదీ, గంట, మాట విన్న కార్యకర్త పేరు దాని మీద ఉండాలి. ఆ తేదీన, ఆ గంటకు, అదే చోట ఆ కార్యకర్త కుర్చీ వేసుకుని కూర్చుని ఉండాలి.