ఈఎస్‌ఐ సిక్ లీవులో ఉండి బయట పనికి వెళ్తే ఏమవుతుంది?

[తెరపై: పారిశ్రామిక వాడలోని ఒక ఈఎస్‌ఐ డిస్పెన్సరీ ముందు ఉదయపు వరుస. చేతుల్లో ఓపీ చీటీలు.]

నమస్కారం. జబ్బు చేసి పనికి వెళ్లలేని కార్మికుడికి, ఆ రోజుల్లో ఇల్లు గడవడానికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) సంస్థ ఇచ్చే నగదును అనారోగ్య భృతి అంటారు. ఈ భృతి తీసుకుంటున్న రోజుల్లోనే మరోచోట, ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా, సాయంత్రం చేతికి కూలి తీసుకుని పనిచేస్తే చట్టం ఏమంటుంది, పట్టుబడితే ఏం జరుగుతుంది, పట్టుబడకపోయినా ఏం నష్టపోతాం అన్న మూడు ప్రశ్నలకు ఈ వీడియోలో జవాబు చెబుతాను. మూడో ప్రశ్నకే ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే శిక్షల గురించి అంతో ఇంతో అందరూ విన్నారు గానీ, ఆ నష్టం గురించి కార్మికులకు చెప్పేవారు తక్కువ.

ముందుగా భృతి లెక్క చూద్దాం. 2017 జనవరి నుంచి నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారు ఈఎస్‌ఐ పరిధిలోకి వచ్చారు. జీడిమెట్లలో ప్లాస్టిక్ మోల్డింగ్ మెషిన్ మీద పనిచేసే ఆపరేటరుకు నెలకు 18,000 జీతం అనుకుందాం. అతని జీతంలోంచి 0.75 శాతం, అంటే 135 రూపాయలు కోసుకుంటారు. యజమాని తన వంతుగా 3.25 శాతం, అంటే 585 రూపాయలు కలిపి కడతాడు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటే, దానికి సంబంధించిన భృతి కాలంలో, అంటే ఆ చందాల మీద భృతి అందే ఆరు నెలల్లో, జబ్బు చేసినప్పుడు సగటు రోజు కూలిలో 70 శాతం చొప్పున, ఏడాదిలో 91 రోజుల వరకు నగదు వస్తుంది. సగటు కూలి రోజుకు 600 అయితే భృతి 420 అవుతుంది. మామూలుగా మొదటి రెండు రోజులకు ఏమీ రాదు.

జీతంలో ఆ 30 శాతం కోతే చాలామందిని తప్పుదారికి నెడుతుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, చిట్టీ వాయిదా జబ్బు చేసిందని ఆగవు. సిక్‌లో ఉన్న మనిషిని తెలిసిన మేస్త్రీ పిలిచి, రోజుకు ఎనిమిది తొమ్మిది వందలు ఇస్తానంటే కాదనడం ఎంత కష్టమో ఊహించుకోగలను. అలా వెళ్లే వారందరూ దొంగలని నేను అనుకోవడం లేదు. అయినా చట్టం అవసరాన్ని కాకుండా పనిచేసిన రోజును చూస్తుంది కాబట్టి, దాన్ని ఉన్నదున్నట్టు తెలుసుకోవాలి.

[తెరపై: భృతి కోరే ఫారం. సంతకం చేసే చోటు దగ్గరగా.]

డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చినంత మాత్రాన డబ్బు రాదు. భృతి కోరుతూ కార్మికుడు ఒక ఫారం మీద సంతకం చేయాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జబ్బు వల్ల తాను పనిచేయలేదని ఆ కాగితం మీద అతనే ప్రకటిస్తాడు. కౌంటరు దగ్గర వెనక పదిమంది నిలబడి ఉండగా, ఎవరో వేలు పెట్టి చూపించిన చోట చదవకుండా సంతకం పెట్టేస్తాం. కానీ తర్వాత జరిగే ప్రతి విచారణలోనూ మొదట బయటికి తీసేది ఆ కాగితాన్నే. అవసరమైతే ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసు ఫ్యాక్టరీకి కూడా రాసి, ఆ రోజుల్లో ఇతను డ్యూటీకి రాలేదా అని ధ్రువీకరణ కోరుతుంది.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 63వ సెక్షను ప్రకారం, పనిచేసిన రోజుకు అనారోగ్య భృతి హక్కు లేదు. ఆ సెక్షన్‌లో పని అన్న మాటే ఉంది గానీ, సొంత ఫ్యాక్టరీలో చేసిన పని అని లేదు. పెయింటింగు, కేటరింగు, కిరాయికి ఆటో తోలడం, బైకు మీద పార్సిళ్లు ఇవ్వడం వంటివన్నీ పనులే. 64వ సెక్షను ఇంకా ముందుకు వెళ్లి, భృతి పొందుతున్న వ్యక్తి ఈఎస్‌ఐ వైద్యుల చికిత్సలోనే ఉండాలనీ, కోలుకోవడానికి అడ్డు వచ్చే పని ఏదీ చేయకూడదనీ, అనుమతి లేకుండా ఆ ప్రాంతం విడిచి వెళ్లకూడదనీ, పిలిచినప్పుడు వైద్య పరీక్షకు హాజరు కావాలనీ చెప్పింది. అందువల్ల డబ్బు తీసుకోకుండా బావమరిది ఇంటి స్లాబుకు ఇసుక మోసినా, నడుము నొప్పి సర్టిఫికెట్ మీద ఉన్న మనిషికి అది చిక్కు తెచ్చే పనే.

హక్కు లేకుండా తీసుకున్న భృతిని తిరిగి కట్టాలని 70వ సెక్షను చెప్పింది. కట్టకపోతే వసూలు చేసే అధికారం సంస్థకు ఉంటుంది. మనిషి చనిపోయినా, అతని ఆస్తి ఎవరి చేతికి వచ్చిందో వారి దగ్గర ఆ ఆస్తి మేరకు రాబట్టవచ్చు. పది రోజులు బయట పనిచేశాడని తేలితే, రోజుకు 420 చొప్పున 4,200 రూపాయలతో పోతుందని లెక్క వేసుకోకూడదు. నిచ్చెన ఎక్కి గోడకు రంగు వేయగలిగిన మనిషి మిగతా ఇరవై రోజులు మాత్రం మెషిన్ ముందు నిలబడలేకపోయాడా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది, అప్పుడు మొత్తం సర్టిఫికెట్టే అనుమానంలో పడుతుంది.

డబ్బు తిరిగి కట్టినంత మాత్రాన నేరం మాసిపోదు. భృతి కోసం తెలిసి తెలిసి అబద్ధపు ప్రకటన చేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టం 84వ సెక్షనులో ఉండేది. శిక్ష పడినవారికి కొంతకాలం నగదు భృతులు ఏవీ రాకుండా ఆపే నిబంధన కూడా అందులోనే ఉండేది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి ఈ చట్టం స్థానంలోకి వచ్చింది, సెక్షన్ల అంకెలు మారాయి. లబ్ధి కోసం అబద్ధం చెప్పడం దాని కిందా శిక్షార్హమే. దొంగ సర్టిఫికెట్ సృష్టించడం వంటివి తోడైతే భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షను కింద మోసం కేసు పెట్టే వీలుంది, మోసగించి డబ్బు రాబట్టిన నేరానికి అక్కడ ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

ఎలా బయటపడుతుందని అడిగేవారికి క్లుప్తంగా చెబుతాను. కోపం వచ్చిన తోటి కార్మికుడి ఫిర్యాదు ఒక దారి. సర్టిఫికెట్ మీద ఉన్నవారిని మళ్లీ పరీక్షించే ఈఎస్‌ఐ డాక్టరు, అంటే మెడికల్ రిఫరీ, పరీక్షకు పిలిచిన రోజు మనిషి రాకపోవడం మరో దారి. రెండో యజమాని అవే తేదీలకు అతని పేరున చందా కట్టేస్తే, ఒకే బీమా నంబరు మీద రెండూ కనబడతాయి. కూలి ఫోన్‌పేలో వచ్చి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటులో తేదీతో సహా ఉంటుంది. అన్నిటికంటే ఘోరంగా బయటపెట్టేది ప్రమాదం.

[తెరపై: అపార్ట్‌మెంటు గోడకు కట్టిన పరంజా. కింద రంగు డబ్బాలు.]

మన ఆపరేటరు నడుము నొప్పితో సిక్‌లో ఉంటూ, బాచుపల్లిలో ఒక అపార్ట్‌మెంటుకు రంగులు వేసే కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాడనుకుందాం. రెండో అంతస్తు ఎత్తున పరంజా కర్ర జారి, కింద పడి, తొడ ఎముక విరిగింది. బీమా ఉన్న కార్మికుడు కాబట్టి ఈఎస్‌ఐ ఆసుపత్రిలో వైద్యం అందుతుంది. కానీ ఇదే ప్రమాదం తన ఫ్యాక్టరీలో డ్యూటీ మీద జరిగి ఉంటే, కోలుకునే వరకు సగటు కూలిలో 90 శాతం తాత్కాలిక అంగవైకల్య భృతిగా వచ్చేది, కాలు పూర్వస్థితికి రాకపోతే శాశ్వత భృతి కోసం మెడికల్ బోర్డు ముందుకు వెళ్లే హక్కు ఉండేది. ఇప్పుడు ప్రమాద నివేదిక ఎవరు రాస్తారు? ఆ రోజు అతను డ్యూటీలో లేడని ఫ్యాక్టరీ నిజమే చెబుతుంది. మా రిజిస్టరులో అతని పేరే లేదు, ఎవరినో కలవడానికి వచ్చి పడ్డాడని కాంట్రాక్టరు అంటాడు.

కాంట్రాక్టరు మీద నష్టపరిహారం కేసు వేయవచ్చు గదా అంటే, వేయవచ్చు. కానీ ఆ కేసు నెగ్గాలంటే ఆ తేదీన తాను అక్కడ కూలికి పనిచేస్తున్నానని అతనే సాక్ష్యాలతో నిరూపించాలి. అదే తేదీన జబ్బు వల్ల పనిచేయలేకపోయానని అతనే సంతకం చేసిన కాగితం బ్రాంచ్ ఆఫీసులో ఉంది. పరిహారం కోసం నిజం చెబితే ఆ నిజం భృతి మోసానికి రుజువు అవుతుంది, భృతిని కాపాడుకోవాలని మౌనంగా ఉంటే విరిగిన కాలుకు దిక్కు లేకుండా పోతుంది. అవతలి పక్షం లాయరు తీసే మొదటి కాగితం ఆ ఫారమే అవుతుంది.

ప్రాణం పోతే భారం ఇంటివాళ్ల మీద పడుతుంది. ఉద్యోగంలో ప్రమాదం వల్ల చనిపోయిన కార్మికుడి మీద ఆధారపడినవారికి కూలిలో 90 శాతం పూర్తి రేటుగా తీసుకుని, భార్యకు అందులో అయిదింట మూడు వంతులు, ఒక్కో బిడ్డకు అయిదింట రెండు వంతులు చొప్పున, మొత్తం ఆ రేటు దాటకుండా, నెలనెలా భృతి వచ్చే ఏర్పాటు ఉంది. రికార్డులో లేని పనిలో చనిపోయిన మనిషి భార్య దాన్ని పొందాలంటే, భర్త ఎవరి దగ్గర పనిచేశాడో, ఆ కాంట్రాక్టరు ఈఎస్‌ఐలో నమోదు కావాల్సినవాడో కాదో తానే తేల్చుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరగాలి. తొమ్మిది వందల కూలికి ఒప్పుకున్న రోజున ఆ ఇంట్లో ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ప్రమాదం జరగకపోయినా ఇంకో నష్టం ఉంది. ఏడాదికి ఉన్నవి 91 రోజులే. నిజంగా జబ్బు లేని రోజులకు వాడేసుకున్నవి, అదే ఏడాది డెంగీ వచ్చి మంచం పట్టినప్పుడు తిరిగి రావు. బయట చేసిన పనికి చందా పడదు కాబట్టి ఆ రోజులు 78 రోజుల లెక్కలోకీ చేరవు. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం కూలి ఇచ్చే పొడిగింపు భృతికి రెండేళ్ల ఉద్యోగంతో పాటు అంతకుముందు నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా అడుగుతారు. ఆ అవసరం వచ్చినప్పుడు ప్రతి రోజూ లెక్కకు వస్తుంది.

యజమానుల సంగతి కూడా చెప్పాలి. సర్టిఫికెట్ మీద ఉన్న తన మనిషినే ఫోన్ చేసి పిలిచి, భృతి ఎలాగూ వస్తోంది గదా, పైన సగం కూలి చేతికిస్తాను, హాజరు వేయను అనే సూపర్‌వైజర్లు ఉన్నారు. తర్వాత డ్యూటీకి రాలేదని ధ్రువీకరించి పంపితే, ఆ అబద్ధపు ప్రకటనకు యజమాని కూడా అదే నేరం కింద బాధ్యుడు. కార్మికుడికి మాత్రం ఆ పిలుపుకు కాగితం రుజువు ఉండదు, కాబట్టి చివరికి ఇరుక్కునేది తానొక్కడే కావచ్చు. అనారోగ్య భృతి పొందుతున్న కాలంలో కార్మికుడిని తీసివేయకూడదని, శిక్షించకూడదని 1948 చట్టం 73వ సెక్షను రక్షణ ఇచ్చింది. రమ్మన్న రోజు ధైర్యంగా రానని చెప్పడానికి ఆ రక్షణ పనికొచ్చేది.

[తెరపై: డిస్పెన్సరీ గదిలో డాక్టరు, ఎదురుగా కార్మికుడు.]

చేతనవుతోంది, పని చేయగలను అనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి ఫిట్ సర్టిఫికెట్ తీసుకుని డ్యూటీలో చేరవచ్చు. రాసిన రోజులన్నీ ఇంట్లో ఉండి తీరాలని లేదు. పాత పని చేయలేను గానీ తేలిక పని చేయగలను అంటే, ఫిట్ తీసుకుని యజమానిని లిఖితపూర్వకంగా అడగాలి.

ఇప్పటికే ఒకటి రెండు రోజులు బయట పనిచేసి భృతి కూడా తీసుకున్నవారు, నోటీసు వచ్చే దాకా ఆగకుండా బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లి, ఏ తేదీల్లో పనిచేశారో రాసిచ్చి, ఆ రోజుల భృతి తిరిగి కడతామని చెప్పడం మంచిది. తానుగా వచ్చి చెప్పినవాడిని అబద్ధం మీద అబద్ధం ఆడినవాడితో సమానంగా చూడటం అరుదు. నోటీసే ముందు వస్తే, అందులోని గడువు లోపల జవాబు ఇవ్వండి. అధికారులు చెప్పిన రోజులు తప్పని మీకు తెలిస్తే, ఆ వివాదాన్ని విని తేల్చేందుకు ఉద్యోగుల బీమా కోర్టు ఉంది. యూనియన్ ఉన్న చోట దాని ప్రతినిధిని వెంట తీసుకెళ్లండి. రాసిచ్చిన ప్రతి కాగితానికీ ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, దాని మీద ఆఫీసు ముద్ర, అందిన తేదీ వేయించుకోండి.