ప్రళయ కథలన్నీ ఒకటి కావు

సభకు నమస్కారం. విశాఖవాసులకు ప్రళయం గురించి చెప్పడానికి ఉపోద్ఘాతం అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరిని ఏం చేసిందో మీలో చాలామంది కళ్లారా చూశారు. అందుకే ఈ కథలు ఇక్కడ చెప్పాలనిపించింది.

1872లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఆయన నేటి ఇరాక్‌లోని ప్రాచీన నగరం నినెవె శిథిలాల్లో దొరికిన మట్టి పలకలు చదువుతున్నాడు. చిన్నప్పుడు కరెన్సీ నోట్ల అచ్చుకు చెక్కడం పని నేర్చుకున్న మనిషి, ఆ ప్రాచీన లిపిని సొంతంగా పట్టుబట్టి నేర్చాడు. వరద, కొండ మీద ఆగిన ఓడ, వదిలిన పావురం, కాళ్లు మోపే చోటు లేక అది తిరిగిరావడం... బైబిల్లో నోవహు కథ చదివినవాళ్లకు అదంతా తెలిసిన కథే! అది మెసపొటేమియా, అంటే నేటి ఇరాక్ ప్రాంతపు ప్రాచీన కావ్యం గిల్గమేష్‌లోని 11వ పలక. ఆ డిసెంబరులో ఆయన దాన్ని సభలో చదివితే లోకమంతా మారుమోగింది.

అప్పటినుంచి ఒక తేలిక మాట స్థిరపడింది: "అన్నీ ఒకే కథండీ, పేర్లే తేడా." ఈ మాట నాకు సుతరామూ నచ్చదు. పోలికలున్న మాట నిజమే, మెసపొటేమియా కథకూ నోవహు కథకూ దగ్గరి చుట్టరికం ఉన్నదీ నిజమే. కానీ వరద ఎందుకొచ్చిందని అడిగి చూడండి. బాబిలోనియావాళ్ల అత్రహాసిస్ కథలో మనుషుల గోల ఎక్కువై ఎన్లిల్ దేవుడికి నిద్ర పట్టదు, అందుకని వరద. నోవహు కథలో మనుషుల చెడుతనం. శతపథ బ్రాహ్మణమనే వైదిక గ్రంథంలో మనువు కథ చూస్తే అసలు కారణమే చెప్పలేదు. వరద వస్తుంది, అంతే.

ఆ మనువు కథ ఎలా మొదలవుతుందో గమనించండి. పొద్దున్నే చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెస్తే, ఆ నీళ్లలో ఒక చిన్న చేప. "నన్ను కాపాడు, నిన్ను నేను కాపాడతాను. చిన్నగా ఉన్నంతకాలం మాకు చావు తప్పదు, చేపను చేపే మింగుతుంది" అంటుంది. పోతనగారి భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చేదీ అలాంటి చేపే. కలశంలో వేస్తే తెల్లారేసరికి చాలదు, చెరువులో వేస్తే చెరువు చాలదు. సముద్రంలో వదలబోతే, అంత పెద్ద చేప, "మొసళ్లు తినేస్తాయి, వదలకు" అంటుంది! నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇది. ఇంకే ప్రళయ కథలోనైనా రక్షించేవాడు ముందుగా రక్షణ అడుక్కుంటాడా? నాకు తెలిసినంతలో లేదు.

మరి గిల్గమేష్ కావ్యానిది వేరే రుచి. అక్కడ దేవుళ్లే వరదకు భయపడి పైలోకానికి పారిపోయి కుక్కల్లా ముడుచుకు కూర్చుంటారు. తుఫాను ఆగాక, ఓడలో బతికిన ఉత్నపిష్టిం కిటికీ తెరుస్తాడు. మొహం మీద వెలుగు పడుతుంది. మనుషులంతా మట్టయిపోయారు. బతికి బయటపడ్డవాడు సంతోషించడు, కూర్చుని ఏడుస్తాడు. హుద్‌హుద్ మర్నాడు పొద్దున తలుపు తీసి వీధిలోకి చూసినవాళ్లకు ఆ ఏడుపు అర్థమవుతుంది. అన్నిటినీ కలిపి ఒక్క ముక్కలో తేల్చేస్తే ముందు పోయేది ఈ కిటికీయే, ఆ చేప మాటలే.

ఇంకొక్క సంగతి. 2014లోనే ఇర్వింగ్ ఫింకెల్ అనే పండితుడు మరో పాత బాబిలోనియా పలకను వెలుగులోకి తెచ్చారు. అందులో ఓడ గుండ్రంగా ఉంటుంది: తాటిజాతి నారతో పేనిన తాడును చుట్టలు చుట్టి, పైన తారు పూస్తారు. అదేమిటో మనవాళ్లకు బొమ్మ గీసి చూపక్కర్లేదు. అది పెద్ద పుట్టి!

మీకొక మనవి. సముద్రం గురించి మన జాలరిపేటల్లో ముసలమ్మలు, తాతలు చెప్పే కథలున్నాయి. గంగమ్మ తల్లి కథలు, తుఫానులో తెప్ప మీద చిక్కుకున్నవాళ్ల కథలు. అందరి దగ్గరా ఫోన్లున్నాయి. వెళ్లి కూర్చోండి, వాళ్ల యాసలో వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. వ్యాకరణం దిద్దకండి, నీతి తగిలించకండి. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే ఆ రికార్డులు ఈ గ్రంథాలయానికి ఇవ్వండి. రాసిపెట్టే పని నేను చేస్తాను.