గట్టుకు గండి కొట్టే త్రిభుజం: క్యూజీఐఎస్, క్లౌడ్‌కంపేర్, ట్రయాంగిల్ రివ్యూ

నమస్కారం అండి. నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటకు లెవెల్స్ తీసినా, ఒంగోలు దగ్గరి చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ కొలిచినా, చివరికి చేతికొచ్చేది ఒక సీఎస్‌వీ ఫైలు. పాయింట్ నంబరు, ఈస్టింగ్ (తూర్పుకు దూరం), నార్తింగ్ (ఉత్తరానికి దూరం), ఎత్తు, అది గట్టో కాలువో చెప్పే కోడు, అంతే. ఆ పాయింట్లను మూడేసి చొప్పున కలిపి, ఒక్కో త్రిభుజాన్నీ పలకలా పరిస్తే నేల ఆకారం వస్తుంది. దాన్నే టిన్ అంటాం. పైసా ఖర్చు లేకుండా టిన్ కట్టే మూడు సాఫ్ట్‌వేర్లు ఇవాళ చూద్దాం: క్యూజీఐఎస్, క్లౌడ్‌కంపేర్, ట్రయాంగిల్.

శాటిలైట్ ఎత్తులు ఫ్రీగా దొరుకుతుంటే ఇదంతా ఎందుకని కామెంట్లలో అడుగుతుంటారు. ఎస్ఆర్‌టీఎం అనే ఫ్రీ ఎత్తుల డేటాలో ఒక గడి 30 మీటర్లు. ఎకరం గుంటలో అట్టాంటి గడులు నాలుగున్నర పడతాయి. గట్టు వెడల్పేమో 2 మీటర్లు. ఇక మీరే చెప్పండి. కొండల మీద వాననీటి దారి చూడ్డానికి అది సరిపోతుంది, మన తీరంలో గుంటకు మాత్రం పనికిరాదు.

త్రిభుజాలు గీయడంలో ఈ మూడింటికీ పెద్ద తేడా ఏం లేదు. మూడూ వాడేది డెలానే పద్ధతే, 1934లో బోరిస్ డెలానే రాసిన నియమం. ఒక త్రిభుజం మూడు మూలల గుండా వృత్తం గీస్తే, దాని లోపల ఇంకో పాయింటు ఉండకూడదు. సన్నగా సూదుల్లా ఉండే త్రిభుజాలను వీలైనంత తప్పిస్తుంది. పనికొచ్చే చిట్కా ఒకటి చెప్తా. మొత్తం పాయింట్లను రెట్టింపు చేసి, అందులోంచి 2 తీసేసి, బయటి అంచు మీద ఉన్న పాయింట్లను కూడా తీసేస్తే త్రిభుజాల సంఖ్య వస్తుంది. 1000 పాయింట్లు, అంచు మీద 20 ఉంటే 1978 రావాలి. సాఫ్ట్‌వేర్ అంతకంటే బాగా తక్కువ చూపిస్తే, ఒకే చోట రెండు సార్లు తీసిన పాయింట్లను చెప్పకుండా పారేసిందని అర్థం. ఆ రెండిట్లో ఏ ఎత్తు ఉంచాలో మీరు తేల్చాలి, దాని ఇష్టానికి వదలకూడదు.

అసలు చిక్కు ఏందంటే, డెలానే ప్లాన్‌లోనే, అంటే పైనుంచి చూసినట్టే చూస్తుంది. ఎత్తు దానికి కనపడదు. గట్టు ఉందో, కాలువ ఉందో దానికి తెలీదు. స్క్రీన్ మీద లెక్కతో చూపిస్తా, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

గట్టు ఎత్తు 1.5 మీటర్లు. పైన వెడల్పు 2 మీటర్లు. రెండు పక్కలా వాలు ఒకటికి ఒకటిన్నర, అంటే గట్టు పై అంచు నుంచి కింది అంచు 2.25 మీటర్ల దూరంలో ఉంటుంది. లోపలి పై అంచు మీద 10 మీటర్లకో పాయింటు తీశారు. బయటి పై అంచు మీద కూడా 10 మీటర్లకే, కాకపోతే మనిషి అటూ ఇటూ దాటుకుంటూ నడుస్తాడు కాబట్టి ఎదురెదురుగా పడవు, ఒక వరస పాయింట్ల మధ్యన ఇంకో వరస పాయింటు పడుతుంది. కింది అంచులూ అదే తీరు, వాటి పాయింట్లు పక్కనున్న పై అంచు పాయింట్ల మధ్యన పడతాయి.

ఇప్పుడు లోపలి పై అంచు మీద పక్కపక్కనున్న రెండు పాయింట్లు తీసుకోండి. వాటిని కలిపే గీత టిన్‌లో ఉండాలి, ఎందుకంటే గట్టు అంచు అదే. ఆ గీతకు అటు పక్క 2 మీటర్ల దూరంలో ఒక పాయింటు, ఇటు పక్క 2.25 మీటర్ల దూరంలో ఇంకోటి. ఆ రెండు మూలల దగ్గర కోణాలు 136 డిగ్రీలు, 132 డిగ్రీలు. కలిపితే 268. డెలానే లెక్కలో ఎదురెదురు కోణాల మొత్తం 180 దాటిందంటే ఆ గీత తీసేసి అడ్డంగా ఇంకోటి గీయాల్సిందే. అట్టా గీసిన కొత్త గీత బయటి పై అంచు నుంచి నేరుగా లోపలి కింది అంచుకు దిగుతుంది. గట్టు లోపలి అంచు దగ్గర అసలు ఎత్తు 1.5 మీటర్లు, ఈ గీత మీద 0.79 మాత్రమే. గట్టు పైన చదునంతా పోయి, వంకరటింకర కొసలా మిగులుతుంది. మట్టి లెక్క వేస్తే మీటరు పొడవు గట్టుకు 6.375 క్యూబిక్ మీటర్లు రావాల్సింది 5.375 వస్తుంది. సరిగ్గా మీటరుకు ఒక క్యూబిక్ మీటరు మాయం. ఎకరం గుంట చుట్టూ గట్టు సుమారు 250 మీటర్లు ఉంటుంది, 250 క్యూబిక్ మీటర్ల మట్టి బిల్లులోంచి ఎగిరిపోయినట్టే.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. గట్టు నడిమధ్యన ఒక్క వరస పాయింట్లే తీసి, రెండు కింది అంచులు తీస్తారే, అది. అప్పుడు ఎదురు కోణాలు 114, 114. మొత్తం 228. గీత తిరగబడి, లోపలి కింది అంచు నుంచి బయటి కింది అంచుకు పోతుంది. అంటే ప్రతి 10 మీటర్లకు గట్టుకు నేలమట్టం దాకా గండి! ఈ టిన్ తీసుకెళ్లి నీళ్ల లెక్క వేస్తే గుంటలో నీళ్లే నిలవవు.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, పాయింట్లు దగ్గర దగ్గరగా తీయడం. పై లెక్కలో 2 మీటర్ల గట్టుకు 4 మీటర్లకో పాయింటు ఉంటే అంచు గీత నిలుస్తుంది. రెండోది బ్రేక్‌లైన్: ఈ రెండు పాయింట్లనూ కలిపి తీరాలి అని సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పడం. అందుకే ఈ రివ్యూలో నేను మార్కులు వేసేది రంగులకో, త్రీడీ తిప్పడానికో కాదు, బ్రేక్‌లైన్ ఎంత బాగా తీసుకుంటుందనే దానికి.

మొదట క్యూజీఐఎస్. సీఎస్‌వీ తెచ్చేటప్పుడు జెడ్ ఫీల్డ్‌లో ఎత్తు కాలమ్ ఎంచుకోండి. ప్రొజెక్షన్, అంటే మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి, యూటీఎం 44 నార్త్, దాని కోడు ఈపీఎస్‌జీ 32644. నెల్లూరు, ఒంగోలు రెండూ ఈ జోన్‌లోకే వస్తాయి. అక్షాంశ రేఖాంశాల్లోనే వదిలేసి గడి సైజు 0.25 అని కొడితే, అది 0.25 డిగ్రీ, అంటే 27 కిలోమీటర్లు. గుంట మొత్తం ఒక్క గడిలో కూర్చుంటుంది. ఎత్తులు మైనస్ 80ల్లో కనపడితే కంగారు పడొద్దు, అవి జీపీఎస్ ఇచ్చే ఎలిప్సాయిడ్ ఎత్తులు, సముద్రమట్టం నుంచి కాక భూమికి లెక్కలో గీసిన గోళం లాంటి ఆకారం నుంచి కొలిచినవి. మట్టి లెక్కకు ఇబ్బంది లేదు గానీ, కాలువ లెవెల్‌తో పోల్చాలంటే బెంచ్‌మార్క్‌కు, అంటే ఎత్తు ముందే తెలిసిన గుర్తుకు, మార్చుకోవాలి.

తర్వాత పాయింట్స్ టు పాత్ అనే టూల్‌తో, కోడ్ కాలమ్ ఆధారంగా అంచు పాయింట్లను గీతలుగా కలపండి. ఫీల్డ్‌లోనే ఒక్కో అంచుకు ఒక్కో కోడు వేసుకుంటే ఇది రెండు నిమిషాల పని, వేయకపోతే సాయంత్రం దాకా మౌస్ తిప్పాల్సిందే. మ్యాప్ మీద చేత్తో గీత గీస్తే దానికి ఎత్తు ఉండదు, సున్నా పడుతుంది. గుంట చుట్టూ సముద్రమట్టంలో ఒక కందకం తేలుతుంది. గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు, కలిసే చోట పాయింటు ఉండాలి.

ఇక టిన్ ఇంటర్‌పొలేషన్ తెరిచి, పాయింట్ లేయర్, గీతల లేయర్ రెండూ చేర్చి, రెండిటికీ జెడ్ వాడమని టిక్ పెట్టి, గీతల రకం బ్రేక్‌లైన్స్ అని మార్చండి. పద్ధతి లీనియర్. పక్కనే క్లఫ్ టోచర్ అని ఉంటుంది, చూడ్డానికి నున్నగా భలే ఉంటుంది, కానీ గట్టు లాంటి చోట కొలిచిన ఎత్తు కంటే పైకి ఉబ్బుతుంది, పక్కన కిందికి దిగుతుంది. మట్టి బిల్లుకు దాన్ని ముట్టుకోకండి. ఫలితం వచ్చేది రాస్టర్‌గా, అంటే గడుల పటంగా, కాబట్టి 2 మీటర్ల గట్టుకు గడి 0.25 మీటరు పెట్టండి. ఎకరానికి 65 వేల గడులు, ఏ పాత ల్యాప్‌టాప్ అయినా లాగేస్తుంది. ట్రయాంగ్యులేషన్ లేయర్ కూడా అడిగి తీసుకోండి, గట్టు అంచుల మీద త్రిభుజం గీతలు సరిగ్గా పడ్డాయో లేదో కంటితో చూసేది దాంట్లోనే. ఇంకో లోపం, గుంట ఎల్ ఆకారంలో ఉన్నా మూల ఖాళీని కూడా పొడుగాటి త్రిభుజాలతో నింపేస్తుంది. గుంట హద్దు పాలిగాన్‌తో కత్తిరించాలి. నా మార్కులు ఐదుకు నాలుగు.

క్లౌడ్‌కంపేర్. డ్రోన్ నుంచి వచ్చిన లక్షల పాయింట్లను దీనంత సులువుగా తిప్పేది ఇంకోటి లేదు. ఫైలు తెరవగానే గ్లోబల్ షిఫ్ట్ అని, పెద్ద కోఆర్డినేట్లను చిన్నవి చేయనా అని అడిగే ఒక పెట్టె వస్తుంది. అది అడ్డమనుకుని నో కొడతారు చాలామంది. నెల్లూరు దగ్గర నార్తింగ్ దాదాపు 16 లక్షల మీటర్లు. సాఫ్ట్‌వేర్ లోపల సంఖ్యలు దాచే 32 బిట్ ఫ్లోట్‌లో అంత పెద్ద సంఖ్యల మధ్య కనీస ఎడం 12.5 సెంటీమీటర్లు. ఆర్‌టీకేతో, అంటే అప్పటికప్పుడు సవరించే జీపీఎస్‌తో, సెంటీమీటర్ల లెక్కన కొలిచిందంతా 12.5 సెంటీమీటర్ల మెట్ల మీదకు జరిగిపోతుంది. యెస్ కొట్టండి. డెలానే 2.5డి కమాండ్‌లో గరిష్ఠ అంచు పొడవు ఇవ్వొచ్చు, పైన చెప్పిన ఎల్ మూల బాధ దాంతో తీరుతుంది. ఆ కమాండ్‌లో బ్రేక్‌లైన్ ఇచ్చే చోటు మాత్రం లేదు. డ్రోన్ పాయింట్లు 10 సెంటీమీటర్లకొకటి ఉంటే దాని అవసరం పడదు. నీళ్లున్న గుంట మీద డ్రోన్ పాయింట్లు మాత్రం నమ్మొద్దు, మెరుపుల వల్ల ఎత్తులు ఎగుడుదిగుడుగా వస్తాయి. మూడున్నర.

ట్రయాంగిల్. జొనాథన్ ష్యూచుక్ 1996లో ఇచ్చిన చిన్న సి ప్రోగ్రాం, కమాండ్ లైన్ తప్ప బటన్లు ఉండవు. పాలీ ఫైలులో పాయింట్లు, వాటిని కలపాల్సిన గీతలు, ఖాళీగా వదలాల్సిన చోట్లు రాసి మైనస్ పీ తో నడిపితే గీతలన్నీ యథాతథంగా ఉంటాయి. మైనస్ క్యూ కూడా చేరిస్తే ప్రతి కోణం 20 డిగ్రీల పైన ఉండేలా కొత్త పాయింట్లు తనే వేస్తుంది. వరద మోడల్‌కు అది మంచిదే, సర్వే నివేదికకు పనికిరాదు, ఎవరూ కొలవని పాయింట్లకు ఎత్తులు ఊహించి పెడుతుంది. అమ్మే సాఫ్ట్‌వేర్‌లో కలపాలంటే రచయిత అనుమతి కావాలి. పైథాన్‌లో కోడ్ రాసేవాళ్లు, సైపై అనే లైబ్రరీలోని డెలానే ఎందుకు వాడకూడదంటారు. దాంట్లో బ్రేక్‌లైన్లు లేవు. పైగా అది లోపల ఎక్స్, వై వర్గాలు కడుతుంది. 16 లక్షల వర్గం అంటే రెండున్నర లక్షల కోట్లు, డబుల్‌లో కూడా చివరి అంకెలు కొట్టుకుపోతాయి. ముందు సగటు ఈస్టింగ్, నార్తింగ్ తీసేసి ఇవ్వండి. ట్రయాంగిల్‌కు కోడ్ రాసేవాళ్లయితే నాలుగున్నర, లేదంటే దాని జోలికి పోకండి.

చీమకుర్తి సంగతి. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో బెంచ్ గోడ, అంటే మెట్లుగా తవ్విన రాతి గోడ, నిట్టనిలువుగా ఉంటుంది. టిన్‌లో ఒక ఎక్స్, వై కి ఒకే ఎత్తు. గోడ పై అంచు, కింది అంచు ప్లాన్‌లో ఒకే చోట పడితే ఒకటి పోతుంది, గోడ ఎటో వాలుతుంది. కింది అంచును 5 సెంటీమీటర్లు బయటికి జరపండి. 6 మీటర్ల ఎత్తు, 50 మీటర్ల పొడవు గోడకు దీనివల్ల వచ్చే తేడా 7.5 క్యూబిక్ మీటర్లు. గ్యాబ్రో రాయి కాబట్టి టన్నుల్లో 20 దాటుతుంది, అందుకే ఎంత జరిపారో నివేదికలో రాయండి, 1 సెంటీమీటరుతో సరిపోతే ఇంకా మంచిది. గోడ ముందుకు వాలి కింద బోలుగా ఉంటే మాత్రం టిన్ వదిలేసి త్రీడీ మెష్‌కు పోవాలి. క్లౌడ్‌కంపేర్‌లో పాయిసన్ అనే త్రీడీ మెష్ పద్ధతి ఉంది, కానీ అది డేటా లేని చోట కూడా ఉబ్బి మూసేస్తుంది, అంచులు కత్తిరించకుండా వాల్యూమ్ తీయకండి.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా, ఫీల్డ్‌లో ఓ ఇరవై పాయింట్లు వేరే కోడుతో తీసి టిన్‌లో కలపకుండా పక్కన పెట్టండి. అవి గుంట మధ్యలో కాదు, గట్టు అంచుల మీద, తూము దగ్గర, కాలువ మలుపుల్లో తీయాలి. టిన్ ఎత్తుకూ వాటికీ తేడా చూడండి. ఎకరం మీద సగటున 5 సెంటీమీటర్లు పక్కకు పోయిందంటే 200 క్యూబిక్ మీటర్లు, అంటే రెండు లక్షల లీటర్ల నీళ్లు. తేడా అంతా ఒకే వైపు ఉంటే రోవర్ (చేత్తో తిప్పే జీపీఎస్) కర్ర ఎత్తు తప్పు కొట్టి ఉంటారు. అక్కడక్కడా ఎక్కువుంటే బ్రేక్‌లైన్ ఒకటి తప్పిపోయింది, ట్రయాంగ్యులేషన్ లేయర్ తెరిచి ఆ చోట గీతలు ఎటు పోతున్నాయో వెతకండి.