యుద్ధనౌక మ్యూజియంలో వీల్‌చైర్ ఎంతవరకు వెళుతుంది?

నమస్కారం. ముందుగా ఈ తలుపు చూడండి. కింద ఇనుప గడప కనిపిస్తోంది కదా, అది నా పిక్కల ఎత్తుకు ఉంది. నడిచేవాళ్లు కాలెత్తి దాటేస్తున్నారు. ఒకాయనైతే ఫోను చూసుకుంటూనే దాటేశాడు. నా వీల్‌చైర్ ఇక్కడే ఆగిపోయింది. లోపలికి వచ్చి అప్పటికి పదకొండు నిమిషాలు.

గడప మీద నాకు కోపం లేదు. నౌకకు దెబ్బ తగిలి ఒక గదిలోకి నీరు చేరితే అది పక్క గదిలోకి పారకూడదు. అందుకే తలుపులు ఇరుకు, గడపలు ఎత్తు. అంతస్తుల మధ్య మెట్లకు బదులు నిట్టనిలువు నిచ్చెనలు, వాటి పైన బిగించే మూతలు. యుద్ధంలో నౌకను కాపాడిన ఏర్పాట్లే ఈ రోజు నాకు అడ్డం. వాటిని కోసి నాకు దారి చేయండని నేను అడగను, అలా కోస్తే నేను చూడటానికి వచ్చిన నౌక మిగలదు. కాబట్టి ఈ రివ్యూలో నేను వేసే మార్కులు నౌకకు కాదు, దాన్ని చూపించేవాళ్లకు.

వాళ్లకు నేను ఇచ్చేది పదికి నాలుగు. వెబ్‌సైటులో 'పాక్షిక సౌకర్యం ఉంది' అని రాశారు. పాక్షికం అంటే సగమా, పావా? వచ్చాక తెలిసింది, పై డెక్కు (అంటే నౌక పై అంతస్తు), దుకాణం, మరుగుదొడ్డి. అంతే. ఇంజన్ గది, వంటగది, నావికులు పడుకున్న చోటు, అన్నీ కిందే. టికెట్టు మాత్రం పూర్తి ధర. తలుపు దగ్గరున్న యువకుడు ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పాడు, కానీ ఆ వాక్యం రాసింది అతను కాదుగా. 'పై డెక్కు ఒక్కటే చూడగలరు' అని ముందే రాసి ఉంటే నేను ఇదే పదికి ఏడు ఇచ్చేవాణ్ణి. నిజంగానే పై డెక్కు బాగుంది. తీగలు, గొట్టాలు అడ్డొచ్చిన ప్రతిచోటా చిన్న ర్యాంపులు వేశారు. పెద్ద ఫిరంగుల కిందికి వెళ్లి తలెత్తి చూడవచ్చు.

ఇక అసలు కష్టం. ఇది నేను ఊహించనిది. ఈ నౌక నీళ్ల మీద తేలుతోంది. ఒడ్డు నుంచి నౌకకు వేసిన వంతెన ఒక కొస కదలదు, రెండో కొస ఆటుపోట్లతో పాటు లేస్తుంది, దిగుతుంది. ఉదయం నేను వచ్చినప్పుడు వంతెన దాదాపు సమంగా ఉంది, నా చేతులతోనే తోసుకుంటూ వచ్చేశాను. మధ్యాహ్నానికి నీరు తీసింది. నౌక కిందికి జారింది, ఒడ్డు మాత్రం పైనే ఉంది. ర్యాంపు అంటే పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు అని చెబుతారు. ఇది అంతకంటే ఎంతో నిటారుగా ఉంది. ఇద్దరు వెనక నుంచి తోస్తే బయటపడ్డాను. తేలే నౌకకు వెళ్లేవాళ్లు ఆ రోజు ఆటుపోట్ల సమయాలు చూసుకోండి. లండన్‌లో థేమ్స్ నది మీద ఉన్న హెచ్‌ఎంఎస్ బెల్‌ఫాస్ట్ కూడా ఆటుపోట్లున్న నీటి మీదే తేలుతోంది, పైగా దానికి తొమ్మిది డెక్కులు. ఇంగ్లండ్‌లోనే పోర్ట్స్‌మౌత్‌లో ఉన్న హెచ్‌ఎంఎస్ విక్టరీ 1922 నుంచి డ్రై డాక్‌లోనే, అంటే నీరు తోడేసిన రేవు గుంటలోనే ఉంది కనుక అక్కడ ఆటుపోట్ల బాధ లేదు. నిచ్చెనల బాధ మాత్రం ఉంటుంది.

మనకు అన్నిటికంటే అనుకూలమైనవి విమాన వాహక నౌకలు. విమానాన్ని నిచ్చెన ఎక్కించలేరు కదా! పుట్టినప్పుడే వాటికి భారీ లిఫ్టులు, విశాలమైన సమతల డెక్కులు ఉన్నాయి. అమెరికాలో శాన్ డియాగోలోని యుఎస్‌ఎస్ మిడ్‌వే 1945లో సేవలో చేరి 1992లో విరమించింది. 2004 నుంచి మ్యూజియం. విమానాలు నిలిపే హ్యాంగర్ డెక్కు, పైన ఎగిరే డెక్కు, రెండూ వీల్‌చైర్‌తో చూడవచ్చు. కెప్టెన్ నిలబడే బ్రిడ్జికి మాత్రం అక్కడా నిచ్చెనే.

నాకు అన్నిటికంటే నచ్చేది స్వీడన్‌లో స్టాక్‌హోంలోని వాసా అనే పాత యుద్ధనౌక. 1628లో తొలి ప్రయాణంలో కిలోమీటరున్నర కూడా పోకుండానే మునిగింది. 333 ఏళ్ల తర్వాత, 1961లో పైకి తీశారు. సందర్శకులెవరినీ దాని మీదికి ఎక్కనివ్వరు. చుట్టూ అంతస్తులు కట్టి లిఫ్టులు పెట్టారు, అందరూ బయట నుంచే చూడాలి. కాళ్లున్న దర్జా అక్కడ చెల్లదు! పోర్ట్స్‌మౌత్‌లోని మేరీ రోజ్ కూడా అంతే. 1545లో మునిగి 1982లో పైకి వచ్చిన ఆ నౌకలో సుమారు సగమే మిగిలింది. దానికి ఎదురుగా అదే డెక్కుల ఎత్తులో గ్యాలరీలు కట్టి, పోయిన సగంలో ఏ వస్తువు ఎక్కడ ఉండేదో అక్కడే అమర్చారు.

బయలుదేరే ముందు ఒక ఫోను చేయండి. 'వీల్‌చైర్ వెళుతుందా' అని అడగకండి, 'వెళుతుంది' అనేస్తారు. ఏయే డెక్కులకు వెళుతుందో పేర్లతో చెప్పమనండి. అన్నిటికంటే ఇరుకైన తలుపు ఎన్ని సెంటీమీటర్లో అడగండి. మీ కుర్చీ వెడల్పు కొలిచేటప్పుడు చక్రాలు తిప్పే చేతులను కూడా కలిపి కొలవండి, నేను మరిచి మెటికలు గీరుకున్నాను. బ్యాటరీ కుర్చీ అయితే లిఫ్టు ఎంత బరువు మోస్తుందో తప్పకుండా తెలుసుకోండి. లిఫ్టు ఈ రోజు పనిచేస్తోందా అన్నది బయలుదేరే ఉదయం మళ్లీ అడగండి. మంటలు లేస్తే కింది డెక్కు నుంచి మిమ్మల్ని ఎలా తెస్తారో కూడా అడగండి. సరైన జవాబు చెప్పినవాళ్లనే నేను నమ్ముతాను.

చివరికి ఇంజన్ గది చూశానా? నా స్నేహితుడు కిందికి దిగి వీడియో కాల్ చేశాడు. 'ఇదిగో చూడు, ఇది మొదటి నిచ్చెన, ఇది రెండో నిచ్చెన, ఇదేదో చక్రంలా ఉంది...' అన్నాడు. తర్వాత తెర నల్లబడింది. నాలుగు వైపులా ఉక్కు గోడలు కదా, సిగ్నల్ కూడా నాలాగే పైనే ఆగిపోయింది.