మెల్‌బోర్న్ మైయర్ క్రిస్మస్ విండోలు: పిల్లలతో వెళ్తే ఎలా చూడాలి

[దృశ్యం: బర్క్ స్ట్రీట్ మాల్, సాయంత్రం. మైయర్ షాపు ముందు క్యూ. స్ట్రోలర్లు, తండ్రుల భుజాల మీద పిల్లలు.]

వాయిస్:
నవంబర్ సగం దాటిందంటే చాలు, మెల్‌బోర్న్‌లో పిల్లలున్న ఇళ్లలో మైయర్ విండోల మాట మొదలవుతుంది. బర్క్ స్ట్రీట్‌లో మైయర్ షాపు ముందు వైపు ఆరు పెద్ద అద్దాల విండోలున్నాయి. మామూలు రోజుల్లో వాటిలో అమ్మకానికి పెట్టిన సరుకు కనిపిస్తుంది. క్రిస్మస్ ముందు అదంతా తీసేసి, కదిలే బొమ్మలతో ఒక కథ చెబుతారు. టికెట్ లేదు. లోపలికెళ్లి ఏమీ కొనక్కర్లేదు. వీధిలో నిలబడి చూడటమే.

మనవాళ్లు చాలామంది వెళ్తున్నారు కానీ, చూడకుండానే వచ్చేస్తున్నారు. పిల్లల్ని అద్దం ముందు నిలబెట్టి "ఇటు చూడు, నవ్వు" అని ఫొటో తీసుకుని, వెంటనే పక్క విండోకి లాక్కెళ్తున్నారు. పిల్లల మొహం ఫోను వైపు, వీపు బొమ్మల వైపు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లల కోసమని తీసుకొచ్చి, వాళ్లనే చూడనివ్వకపోతే ఎలా?

[దృశ్యం: విండో దగ్గరగా. ఒక బొమ్మ చెయ్యి పైకి లేచి, కిందకి దిగుతోంది.]

వాయిస్:
ముందు తెలుసుకోవాల్సింది ఇది. ఆరు విండోలూ కలిపి ఒకటే కథ. సాధారణంగా ఏటా ఒక పిల్లల పుస్తకాన్ని తీసుకుని, ఒక్కో ఘట్టాన్ని ఒక్కో విండోలో పెడతారు. కాబట్టి మధ్యలో దూరొద్దు. క్యూ ఎక్కడ మొదలవుతుందో అక్కడ నుంచే వెళ్లండి. ఖాళీగా ఉందని మూడో విండోకి ముందు వెళ్తే పిల్లలకి కథ తెగిపోతుంది.

ఇక ఒక్కో విండోలో బొమ్మల కదలిక ఒక చుట్టులా నడుస్తుంది. కొన్ని సెకన్లకి మళ్లీ మొదటికొస్తుంది. మొదటి చుట్టులో పిల్లలు మధ్యలో ఉన్న పెద్ద బొమ్మనే చూస్తారు. రెండో చుట్టుకి పక్కవాటి మీదకి చూపు వెళ్తుంది. మూలల్లో దాగినవి బయటపడేది ఆ తర్వాతే. ఒకసారి మా పాప ఒక విండో ముందు నుంచి కదలనంటే కదలనంది. నేను చూస్తున్నది వంటగదిలో గరిటె తిప్పుతున్న బొమ్మని. పాప చూస్తున్నది కింద, అలమర వెనక నుంచి ముక్కు మాత్రం బయటపెట్టి, మళ్లీ లోపలికి లాక్కుంటున్న ఎలుకని. "అమ్మా, ఇప్పుడొస్తుంది చూడు... వచ్చింది!" అని ప్రతిసారీ అదే సంబరం. నా ఎత్తు నుంచి ఆ ఎలుక కనిపించనే లేదు. అందుకే మీరూ ఒకసారి కిందకి వంగి, పిల్లల కంటి ఎత్తు నుంచి చూడండి.

[తెరపై బొమ్మ: మోటారు, దానికో చక్రం, చక్రం అంచుకి బిగించిన కడ్డీ, కడ్డీ చివర చెయ్యి.]

వాయిస్:
కాస్త పెద్ద పిల్లలైతే "ఎలా కదులుతున్నాయి?" అని తప్పకుండా అడుగుతారు. చెప్పేయండి, మాయ పోతుందని భయపడొద్దు. ఇలాంటి బొమ్మ లోపల చిన్న మోటారు ఉంటుంది. అది ఒక చక్రాన్ని తిప్పుతుంది. కడ్డీని చక్రం నడిమధ్యలో కాకుండా అంచుకి దగ్గరగా బిగిస్తారు. చక్రం గుండ్రంగా తిరుగుతుంటే కడ్డీ పైకీ కిందకీ ఆడుతుంది, దాంతో పాటే బొమ్మ చెయ్యి. కుట్టుమిషన్‌లో చక్రం తిరిగితే సూది పైకీ కిందకీ ఆడినట్టే. అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంటే ఈ ముక్క ఆవిడనే చెప్పమనండి.

కథ కూడా తెలుగులోనే చెప్పించండి. "వీడు ఎక్కడికి పోతున్నాడంటావు?", "పక్క విండోలో ఏముంటుందో చెప్పు చూద్దాం" అని క్యూలో అడుగుతూ ఉంటే, ఎదురుచూపు విసుగనిపించదు. తాతయ్య చెప్పే కథ పుస్తకంలో కథలా లేకపోయినా ఏం కాదు. క్రిస్మస్ మన పండగ కాదు కదా అని సందేహించేవాళ్లకీ ఒక మాట. మన తెలుగువాళ్లలో ఈ పండగ చేసుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. చేసుకోని ఇంటి పిల్లలకైనా బొమ్మల కథ బొమ్మల కథే.

[దృశ్యం: పాత నలుపు తెలుపు ఫొటో, బర్క్ స్ట్రీట్.]

వాయిస్:
అసలు ఈ షాపు పెట్టినాయన కూడా ఇక్కడికి వలస వచ్చినవాడే. సిడ్నీ మైయర్. అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి బెలారస్‌లో పుట్టిన యూదుడు. 1899లో మెల్‌బోర్న్‌లో దిగేనాటికి ఇంగ్లీషు అంతంతమాత్రం. బెండిగో అనే ఊళ్లో అన్నతో కలిసి చిన్న కొట్టు పెట్టి, ఇంటింటికీ తిరిగి బట్టలమ్మాడు. 1911లో బర్క్ స్ట్రీట్‌లో షాపు కొన్నాడు.

ఆయన గురించి పిల్లలకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. 1930లో ఆర్థిక మాంద్యం, ఊరంతా పనుల్లేవు. ఆ క్రిస్మస్‌కి ఎగ్జిబిషన్ బిల్డింగ్‌లో 10,000 మందికి పైగా భోజనం పెట్టాడు. వచ్చిన ప్రతి బిడ్డకీ ఒక కానుక ఇచ్చాడు. 1934లో పోయాడు. ఈ విండోలు ఆయన చూడలేదు. ఇవి మొదలైంది 1956లో, మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది. మొదటి విండోల్లో శాంటాతో పాటు ఒలింపిక్స్ కూడా ఉన్నాయి. అప్పుడు చూసిన పిల్లలు ఇప్పుడు తమ మనవళ్లని తీసుకొస్తున్నారు. క్యూలో పక్కన పెద్దావిడ ఎవరైనా ఉంటే పలకరించండి, మీ చిన్నప్పుడు ఎలా ఉండేవని అడగండి. బోలెడు చెబుతారు.

[దృశ్యం: పగటి వెలుతురులో అద్దం. అందులో ఎదుటి భవనాలు, ట్రామ్.]

వాయిస్:
ఎప్పుడు వెళ్లాలి? డిసెంబర్ అంటే ఇక్కడ ఎండాకాలం. మధ్యాహ్నం వెళ్తే పిల్లలకి వడదెబ్బ భయం ఒకటి, పైగా బయట వెలుగు ఎక్కువుంటే అద్దంలో బొమ్మల కన్నా వీధే ఎక్కువ కనిపిస్తుంది. చీకటి పడ్డాక లోపలి దీపాల వెలుగుకి అన్నీ తేటగా ఉంటాయి. కాకపోతే పొద్దుగుంకేది 8:40 ప్రాంతంలో. చంటిపిల్లలకి నిద్రవేళ. వాళ్లున్నవాళ్లు పొద్దున్నే, మామూలు పనిరోజు చూసుకుని వెళ్లడం మేలు. ఫొటో కావాలంటే ఫ్లాష్ ఆపేసి, ఫోను కెమెరాని అద్దానికి ఆనించి తీయండి, వీధి నీడలు పడవు. కానీ చూడటం అయ్యాకే.

టార్నీట్, పాయింట్ కుక్ వైపు నుంచి వచ్చేవాళ్లు రైల్లో సదరన్ క్రాస్‌లో దిగి 96 నంబరు ట్రామ్ ఎక్కండి. సిటీ నడిబొడ్డున ట్రామ్ ఉచితం. ఒక్క జాగ్రత్త: ఇక్కడ మాల్ అంటే భవనం కాదు, షాపుల మధ్య వీధే. కార్లు రావు కానీ, 86, 96 నంబరు ట్రామ్‌లు మధ్యలోంచే వెళ్తాయి. అంతా నడిచే దారే అనుకుని పిల్లల చెయ్యి వదలొద్దు.

పట్టాలు దాటి ఎదురుగా వెళ్తే 1870లో కట్టిన రాయల్ ఆర్కేడ్ ఉంటుంది. లోపల గాగ్, మేగాగ్ అనే రెండు రాకాసి బొమ్మలు గంట గంటకీ గంట కొడతాయి. మీ క్యూ అయ్యే టైముకి గంట దగ్గర పడుతుంటే అదీ చూపించండి.

డిసెంబర్ 26 మాత్రం వద్దు. ఆ రోజు బాక్సింగ్ డే సేల్ జనంతో మాల్ కిటకిటలాడుతుంది, స్ట్రోలర్ కదలదు. విండోలు మామూలుగా జనవరి మొదటి రోజుల దాకా ఉంటాయి. క్రిస్మస్ హడావుడి తగ్గాక వెళ్తే క్యూ చిన్నది, పిల్లలు ఎలుక ముందు ఎంతసేపు నిలబడినా వెనక నుంచి తోసేవాళ్లుండరు. ఈ ఏడాది తేదీలు మైయర్ వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి.