పైథాన్ ప్రాంప్ట్ వెనకాల ఏం జరుగుతుంది?

[స్క్రీన్ మీద: ఖాళీ టెర్మినల్, పైథాన్ ప్రాంప్ట్]

హాయ్ అండీ, ఈ ప్రాంప్ట్ మనందరికీ తెలిసిందే. దీన్ని రెపెల్ (REPL, రీడ్-ఇవాల్-ప్రింట్ లూప్) అంటారు, లిస్ప్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష రోజుల నుంచీ వస్తున్న పద్ధతి. చదువు, రన్ చెయ్యి, చూపించు, మళ్ళీ మొదటికి రా, అంతే కదా, నాలుగు లైన్ల వైల్ లూప్ రాస్తే అయిపోతుంది అనుకుంటాం. కానీ అన్నీ కలిపి ఆ ఒక్క లూప్‌లో పెట్టేస్తే తర్వాత ఏది మార్చాలన్నా మొత్తం కదిలించాల్సి వస్తుంది, అందుకే ముక్కలుగా విడగొడతారు.

అన్నిటికంటే తేలిగ్గా కనిపించే "చదువు" దగ్గరే అసలు తలనొప్పి.

[స్క్రీన్ మీద: ఫర్ లూప్ మొదటి లైను, చివర కోలన్, ఎంటర్]

చూశారా, ఎర్రర్ ఇవ్వలేదు, మూడు చుక్కలు పెట్టి ఇంకా చెప్పు అంటోంది. ఇప్పుడు లైను మధ్యలో ఓ బ్రాకెట్ ఎక్స్‌ట్రాగా మూసి ఎంటర్ కొడతా... వెంటనే సింటాక్స్ ఎర్రర్! అంటే కోడ్ సగంలో ఉందా, తప్పే ఉందా అని ఎవరో తేల్చాలి. పైథాన్‌లో ఆ పని కోడ్‌ఆప్ అనే చిన్న మాడ్యూల్‌ది, పూర్తయితే రన్ చెయ్యడానికి రెడీగా ఉన్న కోడ్ ఆబ్జెక్ట్ ఇస్తుంది, సగంలో ఉంటే నన్ (None, అంటే ఏమీ లేదు అనే విలువ) ఇస్తుంది, తప్పైతే ఎర్రర్ లేపుతుంది. కీబోర్డుతో గానీ స్క్రీన్‌తో గానీ దానికి పనే లేదు, స్ట్రింగ్ ఇస్తే చాలు, కాబట్టి టెస్ట్ రాయడం కూడా ఈజీ. నాకు మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే.

"చూపించు" కూడా విడి ముక్కే. 5 అని కొడితే 5 వస్తుంది, నన్ అని కొడితే ఏమీ రాదు ఎందుకంటే అది సిస్ మాడ్యూల్‌లో ఉన్న డిస్‌ప్లేహుక్ ఫంక్షన్ తీసుకునే నిర్ణయం, ఆ ఆన్సర్‌ని అండర్‌స్కోర్ (_) అనే వేరియబుల్‌లో దాచిపెట్టేది కూడా అదే. దాని ప్లేస్‌లో మన ఫంక్షన్ పెట్టేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఇలా విడగొట్టి ఉండబట్టే 2024లో వచ్చిన పైథాన్ 3.13లో రెపెల్ మారినా భాష మారలేదు. మనం టైప్ కొట్టే భాగం మాత్రం పైపై (PyPy, పైథాన్‌కి ఇంకో ఇంప్లిమెంటేషన్) ప్రాజెక్ట్ నుంచి వచ్చిన కోడ్‌తో కొత్తగా పెట్టారు, పైకి బాణం నొక్కితే లైన్ లైన్‌గా కాకుండా మొత్తం బ్లాక్ తిరిగొస్తుంది, రంగులొచ్చాయి. లోపల మాత్రం కోడ్ మాడ్యూల్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఇంటరాక్టివ్ కన్సోల్ క్లాసే.

ఇంకో అడుగు ముందుకేసింది ఐపైథాన్. ఫెర్నాండో పెరెజ్ 2001లో మొదలుపెట్టిన ఈ షెల్‌ని 2011లో రెండు ప్రాసెస్‌లుగా కోశారు, టైప్ చేసేది ఒకటి, రన్ చేసేది ఇంకోటి, దాన్నే కెర్నల్ అంటాం, మధ్యలో జీరోఎంక్యూ (ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు పంపే లైబ్రరీ) మెసేజ్‌లు. బ్రౌజర్‌లో నోట్‌బుక్‌లా కోడ్ రాసుకునే జూపిటర్ దీని మీదే నిలబడింది, అందుకే కెర్నల్ చచ్చిపోయినా మీ నోట్‌బుక్ అలాగే ఉంటుంది (వేరియబుల్స్ మాత్రం గోవిందా).

మరి టైప్ చేసే ప్రాసెస్‌కి పైథాన్ రాదే, కోడ్ పూర్తయిందో లేదో ఎలా తెలుస్తుంది? కెర్నల్‌నే అడుగుతుంది! కన్సోల్‌లో ఎంటర్ కొట్టగానే ఈ కోడ్ పూర్తయిందా అని ఒక మెసేజ్ వెళ్తుంది, పూర్తి, సగం, తప్పు, తెలీదు, ఈ నాలుగిట్లో ఒకటి తిరిగొస్తుంది. నోట్‌బుక్‌లో ఈ గొడవే లేదు, షిఫ్ట్ ఎంటర్ కొట్టామంటే పూర్తయిందని మనమే చెప్పేశాం కదా.