అలీ ఎదురుగా టైసన్ నిలబడితే

శ్రోతలకు నమస్కారం.

నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్. ఆదివారం పొద్దున్నే అక్కడ మా టేబుల్ దగ్గర ఏళ్ల తరబడి ఒకటే వాదన. బాక్సర్లు మహమ్మద్ అలీ, మైక్ టైసన్, ఇద్దరూ మంచి ఊపులో ఉన్న వయసులో ఎదురుపడితే ఎవరు గెలుస్తారు?

మా బాబాయ్ టైసన్ పక్షం. ట్రెవర్ బెర్బిక్ అనే బాక్సర్ 1981 డిసెంబరులో అలీని ఓడించాడు. అలీకి అదే ఆఖరి పోటీ. అదే బెర్బిక్‌ను 1986 నవంబరులో టైసన్ రెండో రౌండ్‌లోనే పడగొట్టి, 20 ఏళ్లకే ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. "ఇంకా లెక్కేముందిరా?" అంటాడు బాబాయ్, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.

ఆ లెక్క నేను ఒప్పుకోను. బెర్బిక్ చేతిలో ఓడేనాటికి అలీకి నలభై నిండవస్తున్నాయి, కాళ్లలో చురుకు పోయింది. పైగా బాక్సింగ్‌లో కూడికలు నిలవవు. 1971లో జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో అదే ఫ్రేజియర్‌ను జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. కూడిక ప్రకారమైతే ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. 1974 అక్టోబరులో ఆఫ్రికాలోని కిన్షాసాలో ఏం జరిగింది? తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకుంటూ, ఫోర్‌మన్ అలిసిపోయేదాకా ఆగి, ఎనిమిదో రౌండ్‌లో అలీయే నాకౌట్ చేశాడు.

అందుకే ఎవరు ఎవర్ని ఓడించారన్నది పక్కన పెట్టి, ఎవరి పద్ధతి ఎవరికి గిట్టదో చూడాలి. ఆ మధ్య నగరంలో ఒక బాక్సింగ్ హాలుకు వెళ్లినప్పుడు ఇది కళ్లారా చూశాను. ఒక పొడుగు కుర్రాడు, ఒక పొట్టి కుర్రాడు ప్రాక్టీసు చేస్తున్నారు. పొడుగువాడు ఎడమ చేతిని సూటిగా చాచి టప్ టప్ మని ముఖం మీద తడుతున్నాడు. దాన్నే జాబ్ అంటారు. పొట్టివాడు తల పక్కకి వంచి, ఆ చేతి కిందుగా దూరి, పక్కటెముకల మీద ఒకటి వేశాడు. ఆ చప్పుడు గోడ దాకా వినిపించింది. వెంటనే పొడుగువాడు అతని మెడ మీద చెయ్యి వేసి, బరువంతా మోపి వాలిపోయాడు. రిఫరీ వచ్చి విడదీసేదాకా పొట్టివాడికి కొట్టడానికి జాగా లేదు. నాలుగుసార్లు అలా జరిగేసరికి పొట్టివాడు నోటితో ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు.

నా కంటికి అలీ, టైసన్ల పోటీ కూడా అలాగే కనిపిస్తుంది. అలీ ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, టైసన్ ఐదడుగుల పదే. మొదటి నాలుగు రౌండ్లు మాత్రం నాకు టెన్షనే. ఆ కుర్రాడిలా చేతి కింద దూరడంలో టైసన్‌ను మించినవాడు లేడు. కుడి చేత్తో పొట్టలో కొట్టి, అదే చేతిని గడ్డం కిందికి లేపేవాడు. అంతటి ఛాంపియన్ మైకేల్ స్పింక్స్‌ను 1988లో 91 సెకన్లలో ముగించాడు. అలీకి చేతులు కిందికి వదిలేసి వెనక్కి వాలే అలవాటు. ఎడమ హుక్, అంటే ఎడమ చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ, అతనికి ఎప్పుడూ గండమే. 1963లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్ ఆ దెబ్బతోనే పడగొట్టారు. టైసన్ హుక్ కూడా తగులుతుంది. అలీ కింద పడతాడనే అనుకుంటున్నాను.

కానీ ఆట అక్కడితో అయిపోదు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో టైసన్ మీద బస్టర్ డగ్లస్ గెలిస్తే పందెంలో డాలరుకు 42 డాలర్లు ఇస్తామన్నారు. అంత ఆశ లేని మనిషి చేసిందేమిటి? పొడుగు చెయ్యి చాచి జాబ్ వేశాడు, దగ్గరికొస్తే పట్టుకున్నాడు, భయపడలేదు. ఎనిమిదో రౌండ్‌లో పడినా లేచి, పదో రౌండ్‌లో టైసన్‌ను పడగొట్టాడు. అదే పని 1966 నాటి అలీ చేస్తే? డగ్లస్ కన్నా చెయ్యి వడి, కాలు వడి.

బాబాయ్‌తో నేను చివరికి చెప్పేది ఒక్కటే. కూపర్ పడగొట్టినా అలీ లేచి, తర్వాతి రౌండ్‌లోనే గెలిచాడు. ఫ్రేజియర్ పదిహేనో రౌండ్‌లో పడగొడితే, దవడ వాచిపోయినా క్షణాల్లో లేచి, గంట మోగేదాకా నిలబడ్డాడు. టైసన్ విషయం చూడండి. డగ్లస్, హోలీఫీల్డ్, లెన్నాక్స్ లూయిస్ లాంటి బాక్సర్లు అతన్ని పడగొట్టారు. తను కింద పడిన ఒక్క పోటీ కూడా టైసన్ లేచి గెలవలేదు.

నా అంచనా చెబుతున్నాను. మూడో రౌండ్‌లో అలీ పడతాడు, లేస్తాడు. ఆరు దాటాక టైసన్ అడుగు నెమ్మదిస్తుంది. పదకొండో రౌండ్‌లో రిఫరీ ఆపేస్తాడు, అలీ చెయ్యి పైకి లేపుతాడు.